"ఏటీ అవనేదు" అన్నోల సంగతి

రాయగడ బస్టాండు ఎదురుగా ఈ జూన్‌లో మా కాలేజీవాళ్లు పెద్ద హోర్డింగు పెట్టారు. డిజాస్టర్ మేనేజ్‌మెంట్ డిగ్రీలో చేరండి, సీట్లు కొన్నే ఉన్నాయి అని ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉంది. దాని కింద ఫోటో. ఆరంజి కోట్లు తొడుక్కున్న పిల్లలు స్ట్రెచర్ మీద ఒక ముసలాయన్ని మోసుకొస్తున్నారు. ఆయన తలకి కట్టు, కట్టు మీద ఎర్ర రంగు. కళ్లు మూసుకుని, నోరు కొంచెం తెరుచుకుని, నిజంగా దెబ్బ తిన్న మనిషిలాగే ఉన్నాడు.

వాన తగ్గని రోజు. నేను సునాబెడ వెళ్లడానికి కొరాపుట్ బస్సు కోసం నిలబడి ఉన్నాను. పక్కన కూరల సంచీతో ఉన్న ఒకావిడ తలెత్తి చూసి, "పాపం, ఏటయిందమ్మా ఆ ముసిలాయనకి?" అని అడిగింది.

"ఏమీ అవలేదండీ. ఫోటో కోసం అలా పడుకోబెట్టారు" అన్నాను.

ఆ మాట అనేశాక బస్సు వచ్చింది. కిటికీ పక్కన సీటు దొరికింది. ఊరు దాటినా, ఘాటీ, అదే కొండదారి, మొదలైనా, నాకు ఆయన తప్ప ఇంకేమీ తోచలేదు. ఆయన పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. బతికుండగా ఆ మాటే ఆయన్ని వేధించింది. ఏమీ అవలేదు అన్న మాట.

మా కోర్సు మొదలైనప్పుడు దాని మీద ఎవరికీ నమ్మకం లేదు. అంతకుముందు నేను జాగ్రఫీ చెప్పేదాన్ని. జాగ్రఫీలో పిల్లలు తగ్గిపోతుంటే, కొండలూ నదులూ తెలిసినదానివి కదా అని ప్రిన్సిపాల్‌గారు నన్ను ఒక డిప్లొమా చేసి రమ్మన్నారు. వచ్చేసరికి ఒక గది, ఒక స్ట్రెచర్, కొన్ని తాళ్లు, ఒక ప్లాస్టిక్ బొమ్మ సిద్ధం చేశారు. మొదటి సంవత్సరం బెంచీలు సగం కూడా నిండలేదు. ఆ తర్వాత కోస్తాలో ఒక తుఫాను వచ్చింది. టీవీలో పడవలు, కూలిన చెట్లు, హెల్మెట్లు పెట్టుకున్న కుర్రాళ్లు. వారం తిరక్కుండానే మా ఆఫీసులో ఫోను ఆగకుండా మోగింది. ఎక్కడో ఇళ్లు ఎగిరిపోతే ఇక్కడ మా క్లాసు నిండేది. ఈ సంగతి ఎవరూ పైకి అనేవారు కాదు. తర్వాత ఈ కోర్సు కొరాపుట్‌లో ఇంకో కాలేజీ పెట్టింది, జయపురంలో ఒకటి పెట్టింది. సర్టిఫికెట్ డిగ్రీ అయింది, డిగ్రీ మీద పీజీ వస్తుందన్నారు. పిల్లలు మాత్రం ఒకటే అడిగేవారు, ఉద్యోగం వస్తుందా మేడమ్ అని. కంపెనీల్లో సేఫ్టీ పనులు ఉంటాయి అని చెప్పేదాన్ని. కొందరికి వచ్చాయి. చాలామందికి రాలేదు.

ఆ ఫోటోలోని ఆయన చేరింది మా కోర్సు రెండో ఏట. అరవై దాటిన మనిషి. తెల్లటి పొట్టిచేతుల చొక్కా, భుజం మీద తువ్వాలు, చెప్పులు గుమ్మం బయట వదిలి ఆఫీసులోకి వచ్చాడు. ఊళ్లో నీళ్ల ట్యాంకర్ నడిపి రిటైరయ్యాడట. తాతల నాడు విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఎప్పుడో పాసైన ప్లస్ టూ సర్టిఫికెట్ పాలిథిన్ కవరులో పెట్టి తెచ్చాడు. ఈ వయసులో ఈ చదువు ఎందుకని ప్రిన్సిపాల్‌గారు ఒడియాలో అడిగితే, ఆయన నా వైపు తిరిగి తెలుగులో జవాబు చెప్పాడు.

"నాకు ఉద్దోగం అక్కర్నేదు మేడమ్. ఒక్క ముక్క తెలుసుకోవాల. అది ఈ సదువులోనే ఉంటాదని ఎవులో సెప్పేరు."

"ఏ ముక్కండీ?"

"వొచ్చినప్పుడు అడుగుతాను."

ప్రిన్సిపాల్‌గారికి ఒక సీటు నిండింది, పేపర్లో వేయించుకోవడానికి ఒక వార్తా దొరికింది. నాకు మొదటి బెంచీలో కూర్చునే ఒక విద్యార్థి దొరికాడు. పిల్లలు ఆయన్ని అజా అని పిలిచేవారు, తాతా అని.

చదువులో ఆయన గొప్పవాడేం కాదు. ఇంగ్లీషు మాటలు నోరు తిరిగేవి కావు. భూకంపాల పాఠంలో నిద్రపోయేవాడు. చట్టాలు, శాఖలు, కమిటీలు, వాటి అధ్యక్షులు, ఇవన్నీ చెబుతుంటే బొటనవేలి గోరు చూసుకుంటూ కూర్చునేవాడు. పరీక్షల్లో తప్పేవాడు, మళ్లీ కట్టేవాడు. కానీ క్లాసు మానేవాడు కాదు. అందరికన్నా ముందొచ్చి, బెంచీ తువ్వాలుతో తుడిచి, కూర్చోబోయే ముందు బెంచీ కాలిని బొటనవేలితో ఒకసారి తన్ని చూసేవాడు, టైరులో గాలి చూసినట్టు. వెనక ఎవరైనా వస్తే మెడ కుడివైపు కొంచెం వంచేవాడు, అద్దంలో చూసే అలవాటు పోక.

ఆయనకి ఇంకో అలవాటు ఉండేది. గోల చేసేవాళ్లని పట్టించుకునేవాడు కాదు. మూల కూర్చున్నవాళ్ల దగ్గరికి వెళ్లేవాడు. కొట్పాడ్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది, నేతపనివాళ్ల పిల్ల. హాస్టల్లో ఉండేది, మాట తక్కువ. ఆయన రోజూ ఆ పిల్ల బెంచీ ముందు ఆగి, "బాగున్నావేటి అమ్మి?" అని అడిగేవాడు. తెలుగు రాకపోయినా ఆ ముక్క దానికి అర్థమైపోయింది. బాగానే ఉన్నాను అని తల ఊపితే ఆయనకి చాలేది కాదు. కళ్లలోకి చూసేవాడు, మణికట్టు పట్టుకుని చూసేవాడు. ఆ పిల్ల నా దగ్గరికొచ్చి, అజా డాక్టరులాగ నాడి చూస్తున్నాడు మేడమ్, నాకు నవ్వొస్తోంది అని చెప్పింది. నాకూ నవ్వొచ్చింది.

ఇక ఆ ప్రశ్న. ఏ పాఠమైనా సరే, చివర్లో ఆయన చెయ్యెత్తేవాడు. వరద గురించి చెప్పినా, అగ్నిప్రమాదం గురించి చెప్పినా, గ్యాసు లీకైతే ఎటు పరిగెత్తాలో చెప్పినా, అదే ప్రశ్న.

"మరి 'నాకేటీ అవనేదు' అన్నోల సంగతేటి మేడమ్?"

క్లాసంతా నవ్వేది. "పుణి సేఇ ప్రశ్న, అజా?" అని వెనక నుంచి ఎవరో అరిచేవారు, మళ్లీ అదే ప్రశ్నా అని. ఆయనకి కోపం వచ్చేది కాదు. నేను మాత్రం ప్రథమ చికిత్స మూడో సెమిస్టర్లో ఉంది, అప్పుడు చెబుతాను అనేదాన్ని. ఆయన చెయ్యి దించి, "అలాగే, అప్పుడే అడుగుతాను" అనేవాడు. మర్నాడు మళ్లీ అడిగేవాడు.

రెండో సెమిస్టర్లో మమ్మల్ని బంధుగాం బ్లాకులో ఒక ఊరికి తీసుకెళ్లారు, మాక్ డ్రిల్ కోసం. కొండ విరిగి బడి మీద పడినట్టు నటించాలి. సగంమంది దెబ్బలు తిన్నవాళ్లు, సగంమంది కాపాడేవాళ్లు. ఆయన తనంతట తానే దెబ్బలు తిన్నవాళ్లలో చేరాడు. తలకి కట్టు కట్టించుకుని, బడి అరుగు చివర గోడకి ఆనుకుని, కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఈల వేయగానే పిల్లలు కేకలు మొదలుపెట్టారు. చచ్చిపోతున్నాం, కాళ్లు విరిగిపోయాయి, అమ్మా, బాబూ అని. ఊళ్లో పిల్లలు చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు. కాపాడేవాళ్లు అరిచినవాళ్లనల్లా స్ట్రెచర్ మీద వేసుకుని పరిగెత్తారు. అందరూ అయిపోయారు. ప్రిన్సిపాల్‌గారు బాగా చేశారని మెచ్చుకుంటున్నారు. బిస్కెట్లు పంచుతున్నారు.

అప్పుడు నాకు ఆయన గుర్తొచ్చాడు. వెళ్లి చూస్తే అలాగే గోడకి ఆనుకుని ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి.

"లేవండి, అయిపోయింది" అన్నాను.

"అయిపోనాదా?" అని లేచి, పిల్లల ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆయనకి కోపం రావడం నేను చూసింది అప్పుడొక్కసారే. "అందర్నీ మోసీసేరు. నన్ను ఎవులైనా సూసేరా? ఒక్కలు, ఒక్కలైనా దగ్గిరికొచ్చి ఎలాగున్నావని అడిగేరా?"

"నువ్వు అరవలేదు కదా అజా" అన్నాడు ఒక కుర్రాడు. ఆ కుర్రాడిది పర్లాకిమిడి, తెలుగు వచ్చు.

ఆయన ఆ కుర్రాడి వంక చూసి, బస్సెక్కబోయాడు. ప్రిన్సిపాల్‌గారు ఆపి, ఫోటోకి ఒకసారి స్ట్రెచర్ మీద పడుకోమన్నారు. పడుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

మూడో సెమిస్టర్లో ఆ పాఠం వచ్చింది. ఆ రోజూ ముసురే. గదిలో లైటు వేసుకుని చెబుతున్నాను. ప్రమాదం జరిగిన చోట అరిచేవాడి దగ్గరికి ముందు వెళ్లకండి, అరుస్తున్నాడంటే ఊపిరి ఆడుతోందన్నమాట, ముందు చప్పుడు లేనివాళ్లని చూడండి అని మొదలుపెట్టాను. ఆయన వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. పైకి గాయం లేకుండా లోపల రక్తం కారేవాళ్లు ఉంటారు, వాళ్లు తమకేమీ కాలేదనే చెబుతారు, లేచి నడుస్తారు కూడా అన్నాను. ముఖం పాలిపోతుంది. ఒళ్లు చల్లబడుతుంది, చెమట పడుతుంది.

ఆయన చెయ్యెత్తాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు, పాఠం మధ్యలో ఆయన ఎప్పుడూ చెయ్యెత్తలేదు గనక.

"దాహం వేస్తాదా మేడమ్?"

"వేస్తుంది. చాలా దాహం వేస్తుంది."

"నిద్దరొస్తంది అంటారా?"

"అంటారు. మగతగా ఉంటుంది. అప్పుడు పడుకోనివ్వకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి."

"నీళ్లియ్యొచ్చా?"

"ఇవ్వకూడదు. ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. దాహం అన్నా సరే పెదాలు తడపాలి అంతే."

ఆయన తువ్వాలు మడత పెట్టాడు. విప్పి మళ్లీ మడత పెట్టాడు. నేను పాఠం కొనసాగించాను. నాకేం తెలుసు? గంట కొట్టాక అందరూ వెళ్లిపోయినా ఆయన అలాగే కూర్చున్నాడు. బాగున్నారా అని అడిగాను.

"నాకేటవుద్ది మేడమ్" అని లేచి వెళ్లాడు.

మర్నాడు రాలేదు. ఆ వారమంతా రాలేదు. జ్వరమేమో అనుకుని ఒక సాయంత్రం ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. రైలు పట్టాలకి అవతల, మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే వీధిలో రెండు గదుల రేకుల ఇల్లు. ఆయన భార్య తలుపు తీసింది. సన్నటి మనిషి, నెరిసిన జుట్టు గట్టిగా ముడి వేసుకుంది. నేను ఫలానా అని చెబితే కుర్చీ తుడిచి కూర్చోబెట్టింది. గోడ మీద దండ వేసిన ఒక ఆడపిల్ల ఫోటో ఉంది. రెండు జడలు, కాలేజీ ఐడీ కార్డు కోసం తీయించుకున్న ఫోటోలా ఉంది.

"మాయమ్మి" అంది ఆవిడ నేను చూడటం గమనించి. "డిగ్రీ మొదటేడు సదివీది, సునాబెడలో మా ఆడబొట్టి, ఈయన సెల్లి కాడుండి. ఈయనే తీసుకొస్తంటే ఘాటీలో బస్సు తిరగబడిపోనాది. అక్కడికక్కడే పోనాదంట. ఏటీ తెలీకుండా పోనాదంట. అదొక్కటే నాకు..." అని ఆగి, "టీ ఎడతాను" అని లోపలికి వెళ్లింది.

ఆయన మంచం మీద కూర్చుని నేల చూస్తున్నాడు. నేను లేస్తే, మేడాన్ని రోడ్డు దాకా దింపొస్తాను అని వెంట వచ్చాడు.

పట్టాల దగ్గర గేటు వేసి ఉంది. గూడ్సు బండి పోతోంది. అది పోయేదాకా ఆగాం. గేటు తీశాక కూడా ఆయన దాటలేదు. అక్కడే నిలబడి చెప్పాడు.

"అక్కడికక్కడే పోనేదు మేడమ్. కిటికీలోంచి నానే దింపేను. నడిసింది. నడిసొచ్చి రోడ్డు వార రాయి మీద కూకుంది. దెబ్బ తగిలిందా అమ్మి అంటే, నాకేటీ అవనేదు నాన్నా, నువ్వు ఆలని సూడు అంది. బస్సులో ఒకటే కేకలు. నాను ఆల కాడికి ఎల్లిపోయేను. ఒక పాల వేను ఆపేను. కాలిరిగినోలని, తల పగిలినోలని ఎక్కించేను. డ్రైవరు పక్కన ఒక్క మనిసికి సోటుంది. మాయమ్మిని ఎక్కించొచ్చు. ఏటీ అవనేదంది గదా అని ఇంకొకావిణ్ని ఎక్కించేను. ఆవిడ సెయ్యి పట్టుకుని ఏడుస్తంది."

ఆయన చేతులు ఆడాయి, బరువేదో ఎత్తుతున్నట్టు.

"తిరిగొచ్చి సూస్తే దాహం అంది. ఇచ్చేను. మల్లీ దాహం అంది, మల్లీ ఇచ్చేను. నిద్దరొస్తంది నాన్నా అంది. కాసేపు పడుకో అమ్మి, ఇంకో బండొస్తాది అన్నాను. నా తువ్వాలు తల కింద ఎట్టేను. ఇంకో బండి వొచ్చేసరికి సల్లగా అయిపోనాది."

దాహం, నిద్ర, క్లాసులో ఆయన నన్ను అడిగిన వరసలోనే.

"అప్పట్నుంచీ ఇదే మేడమ్. మనిసి నవ్వుతా కూకుంటే నానెలా తెలుసుకోవాల? తెలుసుకోడానికి ఏదైనా దారుందా, నేదా? నేదని పుస్తకంలో ఉంటే బావుండునని వొచ్చేను. ఉందని తెలిసిపోనాది."

"బాబాయిగారూ, మీరు చదివి ఉండలేదు కదా అప్పటికి" అన్నాను. అంతకన్నా తోచలేదు.

"వేన్లో ఎక్కించుంటే బతికీదేటి?"

ఆ ఘాటీ నాకు తెలుసు. చిన్నప్పట్నుంచీ తిరిగినదాన్ని. అక్కడి నుంచి కొరాపుట్ పెద్దాసుపత్రికి ఎంతసేపు పడుతుందో తెలుసు. కడుపులో రక్తం పోతుంటే కడుపు కోయడం తప్ప వేరే దారి లేదని తెలుసు. బతికేది కాదండీ అని చెప్పేయాలని నోటిదాకా వచ్చింది. ఆయన నా ముఖంలోకే చూస్తున్నాడు, ఆ కొట్పాడ్ పిల్ల కళ్లలోకి చూసినట్టు.

"తెలీదు" అన్నాను. "చాలా దూరం. వైద్యం అందకపోవడానికే ఎక్కువ వీలుంది. అందితే బతికి ఉండేదా అంటే, నేను చెప్పలేను."

ఆయన తల ఊపాడు. "అదే నిజిం లాగుంది అమ్మీ" అన్నాడు. నన్ను ఎప్పుడూ మేడమ్ అనేవాడు. అమ్మీ అన్నట్టు కూడా ఆయనకి తెలిసి ఉండదు.

ఇంటివైపు తలతిప్పి, "ఆలికి సెప్పాలంటావా?" అని అడిగాడు. ఏటీ తెలీకుండా పోయింది అన్న మాట పట్టుకుని ఆవిడ ఇన్నేళ్లూ బతికింది. అది తీసేయమని ఎలా చెప్పను? అలాగని, ఈయన ఒక్కడే ఇది మోసుకుని తిరగమని ఎలా చెప్పను? మీ ఇష్టం బాబాయిగారూ అన్నాను. ఆయన గేటు దగ్గరే ఉండిపోయాడు, నేను పట్టాలు దాటి వచ్చేశాను.

ఆ తర్వాత మళ్లీ క్లాసుకి వచ్చాడు, కానీ చివరి బెంచీలో కూర్చునేవాడు. చెయ్యెత్తేవాడు కాదు. పిల్లలే, పాఠం అయ్యాక వెనక్కి తిరిగి, "అజా, ప్రశ్న?" అని ఏడిపించేవారు. ఆయన చెయ్యి ఊపి, ఏమీ లేదు అనేవాడు. ఆఖరి సంవత్సరం పరీక్ష ఫీజు కట్టలేదు. ఎందుకని అడిగితే, "నాకు కావలసింది వొచ్చీసింది మేడమ్. మిగతాది ఈ పిల్లలకి ఉద్దోగాలకి" అన్నాడు. ఆయన బ్యాచ్ కుర్రాళ్లలో ఒకడు ఇప్పుడు మొబైల్ షాపులో ఉన్నాడు. కొట్పాడ్ పిల్ల ఊరెళ్లి మగ్గం ఎక్కిందని విన్నాను. బజారులో ఎప్పుడైనా ఆయన కనిపించేవాడు. ఆరంజి కోటు చొక్కా మీద తొడుక్కుని, కూరలమ్మే వాళ్ల మధ్య ఎవరు నీరసంగా కూర్చున్నా ఆగి మాట్లాడేవాడు.

కిందటి వానాకాలంలో పోయాడు. గుండె. ఆ మొబైల్ షాపు కుర్రాడే ఫోన్ చేసి చెప్పాడు. నేను సునాబెడలో ఉన్నాను, వచ్చేసరికి అంతా అయిపోయింది. పదో రోజు దాటాక ఆ ఇంటికి వెళ్లాను. గోడ మీద కూతురి పక్కన ఇప్పుడు ఆయన ఫోటో ఉంది. ఆవిడ ఈసారి టీ పెట్టలేదు. నా పక్కనే కింద కూర్చుంది.

"నీకు తెలుసంట గదమ్మా" అంది.

తల ఊపాను.

"సెప్పేడు. పోయే ముందు కాదు, సానా ముందే. నువ్వొచ్చెల్లిన వారానికే సెప్పేడు. సెప్పి, గోడవైపు తిరిగి కూకుండిపోయేడు. నాను తిడతాననుకున్నాడు. తిట్టే పనేనమ్మా. అంతసేపు పిల్ల బతికుంటే నాకు సెప్పకుండా ఇన్నేళ్లు దాసినందుకు తిట్టాలి. తిట్టలేకపోయేను."

వీధిలో ఎవరో నీళ్ల ట్యాంకర్ వచ్చిందని కేకేశారు. ఆవిడ లేవలేదు. వేళ్లతో నేల మీద ఏదో గీస్తూ ఉంది.

"ఒక్కటే అడిగేను. దాహం అంది గదా, నీళ్లిచ్చేవా అని. ఇచ్చేను, ఇయ్యకూడదంట, పుస్తకంలో అలాగుందంట, నాకు తెలక ఇచ్చేను అని ఏడిసేడు. ఎన్ని సార్లిచ్చేవు అన్నాను. అడిగినప్పుడల్లా ఇచ్చేనన్నాడు." ఆవిడ తలెత్తి గోడ వంక చూసింది. "మంచి పని సేసేవు అన్నానమ్మా. నా పిల్ల దాహంతో పోనేదు."